ఇరవై మూడో నంబరు మంచం

ఒంటిగంటా పది నిమిషాలకు తాబేలు సమావేశ భవనం ముందు రిక్షా దిగినంత నింపాదిగా కారు దిగాడు. గేటు మూసి ఉంది. గేటుకు అవతల ఆరుగురు గార్డులు, వాళ్ళ వెనక ఒక మీసం, ఆ మీసం వెనక చీఫ్.

తాబేలు అన్న పేరు పోలీసు శాఖ పెట్టింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఏ దొంగ వెనకా పరుగెత్తలేదు. దొంగ పరుగెత్తి పరుగెత్తి అలిసి కూలబడిన చోటికి తీరిగ్గా వచ్చి, పక్కన కూర్చుని, "మంచినీళ్ళు తాగుతావా?" అని అడిగేవాడు. రిటైరయ్యాక డిటెక్టివ్‌గా సొంత బోర్డు పెట్టుకున్నాడు. పేరు మాత్రం వదల్లేదు.

ఈ భవనం భద్రతాధికారి చీఫ్‌కూ ఆయనకూ పాతికేళ్ళ పోటీ. ఇద్దరూ ఒకే బ్యాచ్. ఒకరు పట్టుకున్న దొంగను రెండోవారు దొంగే కాదనేవారు. ఆ పగ ఎందాకా పోయేదో గాని, మూడేళ్ళ కిందట చీఫ్ కొడుకూ తాబేలు కూతురూ ఒకరినొకరు ఇష్టపడి, ఇద్దరు శత్రువులనూ వియ్యంకులను చేసి పారేశారు. అప్పటినుంచీ తిట్టుకోవాలన్నా 'బావగారూ' అని మొదలుపెట్టి 'అండీ' అని ముగించాల్సి వస్తోంది.

"బావగారూ, లోపలికి ఎవర్నీ వదలకూడదండీ. ఆర్డరు," అన్నాడు చీఫ్.

"అలాగే బావగారూ. నేనిక్కడే ఎండలో నిలబడతాను. సాయంత్రం అమ్మాయి ఫోన్ చేస్తే చెబుతాను, మీ మామయ్యగారు ఎంత మర్యాద చేశారో."

మీసం ఒకసారి పైకి లేచి కిందికి దిగింది. గేటు తెరుచుకుంది.

"దారిలో షాపు టీవీలో మిమ్మల్ని చూశాను," అన్నాడు తాబేలు లోపలికి నడుస్తూ. "ఒంటిగంటకు పత్రికల వాళ్ళతో మాట్లాడారుగా. చీమ కూడా బయటికి పోదన్నారు. అదలా ఉంచండి, ఎప్పుడూ మైకు మీ మీసానికి అడ్డం వచ్చేది. ఇవాళ గడ్డం దాకా కనబడ్డారు. ఎదిగారండీ బావగారూ!"

"కెమెరా మహిమండీ," అన్నాడు చీఫ్ పళ్ళు బిగించి.

మూడో అంతస్తు, ఆరో నంబరు గది. లోపల, ఆయన్ను ఫోన్ చేసి పిలిపించిన నర్సక్క ఒక కుర్చీలో కూర్చుని, ఖాళీ స్టీలు బీరువాను చూస్తోంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఒకప్పుడు తాబేలుకు టైఫాయిడ్ వస్తే ఇరవై ఒక్క రోజులు మంచం మీద నుంచి లేవనివ్వకుండా కాపాడింది. ఆయన అప్పటినుంచీ ఆమెను అక్కా అంటాడు, ఆమె మాట వినడం మాత్రం మానేశాడు.

"పోయింది తమ్ముడూ," అంది. "పద్నాలుగేళ్ళు దాచాను. ఇంకో మూడు గంటలు దాచలేకపోయాను."

పోయింది ఒక వార్డు రిజిస్టరు. మోచెయ్యంత పొడుగు, నాలుగు వేళ్ళ మందం, చేత్తో ఎత్తితే చంటిపిల్లంత బరువు. సాయంత్రం నాలుగు గంటలకు కింద పెద్ద హాల్లో ముప్పై ఒక్క దేశాల ప్రతినిధులు చేతులెత్తి తేల్చబోయేది దాని మీదే: అంతర్జాతీయ మందుల పరీక్షల చట్టాన్ని రద్దు చేయాలా, ఉంచాలా?

ఆ చట్టంలో తొమ్మిదో అధికరణం అని ఒకటుంది. కొత్త మందు మింగి చూసిన వాలంటీరు ముప్పై రోజుల లోపల స్వయంగా ఆఫీసుకు నడిచివచ్చి ఫిర్యాదు చేయకపోతే, అతను ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. మంచం దిగలేనివాడు ఆఫీసుకు ఎలా నడిచి వస్తాడని రాసినవాళ్ళకు తోచలేదు. పోయినవాడు అసలే రాడు. కనక ఆ చట్టం ప్రకారం మనిషిని మంచాన పడేసిన మందు మంచిది, ప్రాణం తీసిన మందు ఇంకా మంచిది. ఒట్టి తలనొప్పి తెప్పించిన మందుకు మాత్రం గడ్డుకాలం. ఆ తలలన్నీ ఓపిగ్గా నడిచివచ్చి ఫిర్యాదు చేస్తాయి.

నర్సక్క వార్డులో పద్నాలుగేళ్ళ కిందట నలభై మంది మీద ఒక మందు పరీక్షించారు. పదకొండు మందికి కాలేయం పాడైంది. కంపెనీ రిపోర్టులో ఒకటే మాట: 'ఫిర్యాదులు లేవు.' నర్సక్క మాత్రం మంచం మంచానికీ తిరిగి, ఏ రోజు ఎవరు ఎలా ఉన్నారో ఆ రిజిస్టరులో రాసుకుంది. ఆ పదకొండు పేర్లు భూమ్మీద ఇంకెక్కడా లేవు.

"నకళ్ళు చెల్లవా?"

"అసలు పుస్తకమే బల్ల మీద ఉండాలట. కంపెనీల ప్లీడరు పట్టుబట్టి పెట్టించిన రూలు. ఇవాళ రద్దు తీర్మానం వీగిపోతే మళ్ళీ ఐదేళ్ళ దాకా ఓటింగు లేదు. రేపు పొద్దున ఆరు గంటలకు అదే మందు, రంగు మార్చి, ఇంకో నలభై మందికి ఇవ్వబోతున్నారు తమ్ముడూ. వాళ్ళని ఈపాటికే వార్డులో చేర్చుకున్నారు. దుప్పట్లు కూడా పంచారు."

"సరే అక్కా. పన్నెండు గంటల నుంచి చెప్పు. ఒక్క నిమిషం కూడా మింగకుండా."

పన్నెండుంబావుకు ముందు ఇద్దరు వచ్చారు. రూలు ప్రకారం రిజిస్టరును ముందుగా చూడటానికి కంపెనీల ప్లీడరు, ఆయనకు అందులో రాసింది చదివి వినిపించడానికి సమావేశం దుబాసీ. చూశారు. వాళ్ళ ఎదురుగానే ఆమె పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి నడుముకున్న తాడుకే ఉంది. తలనొప్పిగా ఉందని అంది. ప్లీడరు జేబులోంచి మాత్ర ఇచ్చాడు. దుబాసీ గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చాడు. ఇద్దరూ వెళ్ళారు. పన్నెండూ ఇరవైకి ఆమెకు కళ్ళు మూతలు పడ్డాయి. పన్నెండూ యాభైకి లేచేసరికి తాళం వేసినట్టే ఉంది, లోపల పుస్తకం లేదు. పన్నెండూ యాభై అయిదుకు గేట్లు మూశారు.

"ఇరవై ఆరేళ్ళు ఊళ్ళోవాళ్ళ నోట్లో మాత్రలు వేసినదాన్ని," అంది నర్సక్క. "తెలియనివాడు ఇస్తే మింగొద్దర్రా అని అందరికీ చెప్పినదాన్ని. నాకిస్తే కళ్ళు మూసుకుని మింగేశాను. నవ్వుకో."

"నాలుగు దాటాక నవ్వుతాను."

తాబేలు గది చూశాడు. చూడటమంటే ఆయనకు కూర్చోవడమే. నేల మీద బాసింపట్టు వేసుకుని, బీరువా అడుగు అర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే పైకి చూసుకుంటూ పోయాడు. తాళానికి గీత లేదు. కిటికీకి ఊచలున్నాయి. బల్ల మీద పళ్ళెం, అందులో మూడు గ్లాసులు. రెండింటిలో సగం సగం నీళ్ళున్నాయి. మూడోది కడిగి బోర్లించి ఉంది. దాని కింద పళ్ళెంలో ఇంకా తడి ఆరలేదు.

"నీ గ్లాసు నువ్వు కడిగావా అక్కా?"

"నిద్రలోనా?"

తలుపు దగ్గర చీఫ్ దగ్గాడు. "బావగారూ, గ్లాసులు కడగడం నేరం కాదండీ. మా ఇంట్లో రోజూ జరుగుతుంది."

"మీరు కడుగుతారా?"

"విషయానికి రండి. తాళం పగల్లేదు, తాళంచెవి ఆవిడ నడుముకే ఉంది. భవనంలో నాలుగు వందల డెబ్బై మందిని సోదా చేయించాను. అంత పుస్తకం ఎవడి చొక్కాలోనూ దాగదు. అంటే ఏమిటి? అసలు పుస్తకమే లేదు. ఈవిడ ఏదో అట్టపెట్టె తెచ్చి హడావిడి చేసింది. మూడున్నరకు పత్రికల వాళ్ళ ముందు ఆ ముక్కే చెప్పబోతున్నాను."

"ఇందాక ఇద్దరు దాన్ని కళ్ళారా చూశారు కదండీ?"

"అందులో ప్లీడరుగారు ఇప్పుడు సరిగా గుర్తులేదంటున్నాడు."

"అయ్యో పాపం. ఆయనకూ మాత్రేదన్నా ఇద్దాం. రమ్మనండి ఇద్దర్నీ."

ప్లీడరు రెండు గంటలకు వచ్చాడు. ఆయన నడిస్తే ముందు కోటు, ఆ తర్వాత ఆయన గదిలోకి వస్తారు.

"మాత్ర ఎందుకిచ్చారు?" అన్నాడు తాబేలు.

"తలనొప్పి అన్నది కనక. మానవత్వం."

"ఎప్పుడూ జేబులో ఉంటాయా?"

"నా క్లయింట్లు పన్నెండు మందుల కంపెనీల వాళ్ళు. నా జేబులో మాత్రలు కాక చాక్లెట్లుంటాయా?"

"పన్నెండూ ఇరవై నుంచి యాభై దాకా?"

"క్యాంటీన్‌లో. ఎనిమిది మంది ప్రతినిధులకు ఈ చట్టం గొప్పతనం వివరిస్తున్నాను. మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదు. వాళ్ళని అడగండి."

"అడిగాను. ఇద్దరు ఇంకా తేరుకోలేదు. పుస్తకం దొరక్కపోతే మీకు లాభమేగా?"

"చూడండి. లాభం ఉన్నవాడల్లా దొంగైతే మా బార్ అసోసియేషనంతా జైల్లో ఉండాలి."

ఆ మాట తాబేలుకు నచ్చింది.

దుబాసీ సన్నటి మనిషి, నలభై దగ్గర పడ్డాడు. మాట గాజుగ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు స్వచ్ఛంగా ఉంటుంది. ప్రతి అక్షరం ఇస్త్రీ చేసి బయటికి వదులుతాడు.

"పన్నెండుంబావు తర్వాత ఎక్కడున్నారు?"

"హాల్లో, నా అద్దాల గదిలో. మైకు సరిచూసుకుంటున్నాను."

"ఎవరన్నా చూశారా?"

"అద్దాల గది కదండీ. అందరికీ కనబడతాను. అందుకే ఎవరూ చూడరు."

"తర్వాత?"

"ఒంటిగంటకు చీఫ్‌గారు పత్రికల వాళ్ళతో మాట్లాడితే పక్కనుండి అనువాదం చేశాను."

"ఎన్ని భాషలొచ్చు?"

"ఏడు."

"మందుల పరీక్షల సంగతి తెలుసా?"

"మాటలు తెలుసు, మనకెందుకండీ ఆ గొడవ? పరీక్షల వార్డు గడప తొక్కలేదు నేను. ఆస్పత్రి వాసనే పడదు నాకు."

తాబేలు గోడ గడియారం చూశాడు. రెండూ నలభై. అనుమానాలు రెండే. మందు మాత్రలో ఉందా, నీళ్ళలో ఉందా? మాత్రలో ఉంటే ప్లీడరు, నీళ్ళలో ఉంటే దుబాసీ. ప్రయోగశాలకు పంపితే రిపోర్టు వారానికి వస్తుంది. రేపు పొద్దున ఆరుకు నలభై మంది నోళ్ళు తెరుస్తారు.

"ప్లీడరుగారూ, ఆ స్ట్రిప్పు ఇలా ఇవ్వండి. అక్కా, మంచినీళ్ళు. మీరూ, దుబాసీగారూ, నేనూ తలా ఒకటి వేసుకుందాం. పావుగంటలో మనలో ఎవరన్నా గుర్రుపెడితే తప్పు మాత్రది. పెట్టకపోతే తప్పు నీళ్ళది."

"అన్యాయం!" ప్లీడరు లేచి నిలబడ్డాడు. "లిఖితపూర్వకమైన నా సమ్మతి లేకుండా నా మీద మందు పరీక్షిస్తారా?"

"ఇష్టం లేకపోతే ముప్పై రోజుల్లో నడిచివచ్చి ఫిర్యాదు చేయండి. మీ చట్టమే."

చీఫ్‌కు నవ్వొచ్చింది. మీసం వెనక దాచుకున్నాడు. "కానివ్వండి ప్లీడరుగారూ. మా బావగారు నిద్రపోతే కేసు నాది."

మాత్రలు, నీళ్ళు, వరస. ఈ మూడూ కనబడేసరికి నర్సక్కలో ఏదో మేలుకుంది. వీపు నిటారైంది. పర్సులోంచి చిన్న టార్చి తీసింది. "వరసలో నిలబడండి. నెట్టుకోవద్దు. పొద్దున ఏం తిన్నారు? సరే, సరే, వాగొద్దు. వేసుకోండి."

ప్లీడరు వేసుకున్నాడు, విషం మింగినట్టు మొహం పెట్టి. తాబేలు వేసుకున్నాడు. దుబాసీ మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, గ్లాసు కిందపెట్టి...

నోరు బారుగా తెరిచాడు. నాలుక పైకెత్తాడు. ఎడమ బుగ్గ చూపించాడు, కుడి బుగ్గ చూపించాడు.

నర్సక్క టార్చి వేసి, "ఊఁ. నడు. తర్వాత!" అంది.

తర్వాత వరసలో ఉన్నది చీఫ్. మాత్ర ఇవ్వకపోయినా, ఆ గొంతు వినగానే ఆయన కూడా నోరు తెరిచేశాడు.

చీఫ్ అందరికంటే ముందు నోరు మూసుకున్నాడు. నర్సక్క చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది.

"నువ్వు..." అంది. "అలా ఎవరు చూపిస్తారు? మింగారో లేదో చూడటానికి నేను రోజుకు నాలుగుసార్లు నోళ్ళు తెరిపించేదాన్ని. నా వార్డులో పడుకున్నవాళ్ళు తప్ప..."

"పరీక్షల వార్డు గడప తొక్కలేదన్నారు," అన్నాడు తాబేలు మెల్లగా.

"ఏదో పొరపాటున, చిన్నప్పుడు బళ్ళో డాక్టరు..." అన్నాడు దుబాసీ.

తాబేలు తల పక్కకు వంచి విన్నాడు. ఇందాకటి గాజుగ్లాసు గొంతు కాదది. మాట మందంగా, తడిగా, ఏదో అడ్డుపడ్డట్టు వస్తోంది. ఏడు భాషలు ఇస్త్రీ చేసే మనిషికి ఒక్క వాక్యం నలిగిపోయింది.

"బాబూ," అన్నాడు తాబేలు, "ఒక్కసారి పై పెదవి ఎత్తు."

దుబాసీ కళ్ళు మూసుకున్నాడు. తర్వాత బొటనవేలితో పై పెదవి ఎత్తాడు. చిగుళ్ళకు అతుక్కుని, తెల్లగా, చెక్కుచెదరకుండా, మాత్ర.

నర్సక్క కుర్చీలో కూలబడింది. "పైన నేనెప్పుడూ చూడలేదు," అంది. "ఇరవై ఆరేళ్ళు. నాలుక కింద చూశాను, బుగ్గల్లో చూశాను."

"అవునమ్మా. మీరు మంచివారు. పై పెదవి ఎత్తమని అడగరని మాకు తెలుసు." దుబాసీ మాత్రను అరచేతిలోకి ఉమ్మాడు. ఇప్పుడు గొంతు మళ్ళీ తేటగా ఉంది. "నాది ఇరవై మూడో నంబరు మంచం. అప్పుడు గడ్డం ఉండేది, గుండు ఉండేది. మీరు గుర్తుపట్టలేరు. ఆనాటి నుంచీ ఎవరిచ్చినా మాత్ర గొంతు దిగదు. నిద్ర పట్టకపోతే డాక్టరు చుక్కలు రాసిచ్చాడు. ఇందాక మీ నీళ్ళలో కలిపింది అవే. మీరు నిద్రపోయాక మీ నడుముకున్న తాళంచెవితోనే బీరువా తీసి, మళ్ళీ వేశాను. గ్లాసు కడిగింది నేనే. మీరు మళ్ళీ అందులోనే తాగుతారేమోనని."

"దొంగకు కూడా శుభ్రత!" అన్నాడు చీఫ్, సంకెళ్ళ కోసం నడుము తడుముకుంటూ.

"ఆగండి బావగారూ. ఎందుకు తీశావు బాబూ? ఆ పుస్తకం నీకేం కీడు చేస్తుంది?"

"అందులో ప్రతి రాత్రీ నా సంతకం ఉంది. 'మందు మింగాను' అని. ఇరవై రెండో అధికరణం మీకు తెలుసుగా."

ప్లీడరుకు తెలుసు. ఆయన మొహం మీద దీపం వెలిగినట్టైంది. "మింగకుండా మింగానని సంతకం పెట్టిన వాలంటీరుకు ఏడేళ్ళ జైలు," అన్నాడు కమ్మగా.

"అబద్ధం రాసిన కంపెనీకి?" అన్నాడు తాబేలు.

"హెచ్చరిక లేఖ. మర్యాదగా."

"నేనొక్కణ్ణే అయితే పోనీ అనుకుందును," అన్నాడు దుబాసీ. "ఇరవై తొమ్మిది మందిమండీ. పెదవి కిందికి ఎలా జార్చాలో నేనే నేర్పాను. ఆ వార్డులో ఎక్కడెక్కడివాళ్ళో ఉండేవారు, ఒకరి మాట ఒకరికి తెలియదు. నాకు అప్పటికే ఆరు భాషలొచ్చు. దీపాలార్పాక మంచం మంచానికీ వెళ్ళి చెప్పాను, ఈ మందు వాసన నాకు నచ్చలేదు, మింగకండి అని."

తాబేలు కళ్ళు సగం మూశాడు. తాబేలు కళ్ళు సగం మూస్తే లెక్క వేస్తున్నాడని చీఫ్‌కు పాతికేళ్ళుగా తెలుసు. కనక ఆయనా వేశాడు. నలభైలో ఇరవై తొమ్మిది తీసేశాడు.

"అంటే..." అన్నాడు చీఫ్.

"అంటే నలభై మందిలో పదకొండు మందికి జబ్బు చేసిందని కాదు," అన్నాడు తాబేలు. "మింగినవాళ్ళే పదకొండు మంది. ఆ మందు మింగిన ప్రతి ఒక్కరూ పడిపోయారు."

నర్సక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మిగతా వాళ్ళకి చెప్పావు కదా నాయనా," అంది. "ఆ పదకొండు మందికీ ఎందుకు చెప్పలేదు?"

"వాళ్ళు కిటికీ వైపు వరస. అందరూ ఒకే ఊరివాళ్ళు. వెళ్ళానమ్మా. పెదవి ఎత్తి చూపించాను, సైగలు చేశాను. నవ్వారు. పిచ్చివాడనుకున్నారు." దుబాసీ నేల చూస్తూ అన్నాడు. "వాళ్ళ భాష నాకు అప్పటికి రాదు. ఏడోది, అది తర్వాత నేర్చుకున్నాను."

ప్లీడరు గొంతు సవరించుకున్నాడు. ఎవరి కన్నీళ్ళయినా ఆయనకు వాయిదాలాంటివే. "మిత్రులారా, పుస్తకాన్ని తప్పకుండా బల్ల మీద పెట్టండి. నలభైలో ఇరవై తొమ్మిది మంది రాయిలా ఉన్నారని నేనే చదివి వినిపిస్తాను. పదకొండు మంది తాగిన నీళ్ళు మంచివి కావంటాను. ఈయన సాక్ష్యం చెబుతాడా? నోరు తెరిచిన క్షణం ఇరవై రెండు. చీఫ్‌గారూ, నాలుగు గంటల దాకా చట్టం బతికే ఉంది. మీ డ్యూటీ మీకు గుర్తు చేయక్కర్లేదు."

కోటు బయటికి వెళ్ళింది. దాని వెనక ప్లీడరు వెళ్ళాడు.

"ముందు పుస్తకం," అన్నాడు తాబేలు. "నువ్వు చెప్పకు బాబూ, నన్ను చెప్పనీ. పన్నెండూ యాభై అయిదుకు గేట్లు మూస్తారని నువ్వనుకోలేదు. చేతిలో అంత బరువు. ఒంటిగంటకు పత్రికల గదిలో నీ డ్యూటీ. అక్కడ మా బావగారికి మైకు అందదు."

చీఫ్ మొహంలో రంగు ముందు కిందికి దిగి, తర్వాత ఒక్కసారిగా పైకెక్కింది.

"'సార్, ఈ పీట మీద నిలబడండి, టీవీలో బాగుంటారు' అన్నాడు," అన్నాడు చీఫ్ నీరసంగా. "నల్లగుడ్డ చుట్టి ఉంది. నేను... నేను దాని మీద నిలబడే చీమ కూడా పోదన్నాను."

"చీమ సంగతి నాకు తెలీదు. పుస్తకం మాత్రం పోలేదు. అంత బందోబస్తు ఇంకెవరు చేయగలరండీ? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం విన్నాను గాని, కాళ్ళ కింద పెట్టుకుని వెతకడం ఇదే చూడటం."

నలుగురూ పత్రికల గదికి వెళ్ళారు. మైకు బల్ల వెనక నల్లగుడ్డ మూట అలాగే ఉంది, మీద రెండు బూటు ముద్రలతో. చీఫ్ స్వయంగా వంగి, రుమాలుతో ఆ ముద్రలు తుడిచి, పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తి నర్సక్కకు ఇచ్చాడు.

"బావగారూ," అన్నాడు పక్కకు తీసుకెళ్ళి, "ఇది మా కోడలికి చెప్పకండీ."

"మీ కోడలికి నేనెందుకు చెబుతానండీ? మా అమ్మాయికి చెబుతాను."

మూడూ నలభై. పుస్తకం హాల్లో బల్ల మీదికి చేరింది. ప్లీడరు దాని పక్కనే కూర్చుని, పెళ్ళికొడుకు తండ్రిలా చిరునవ్వులు పంచుతున్నాడు. బయట వసారాలో దుబాసీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"బలవంతం లేదు బాబూ," అన్నాడు తాబేలు. "నువ్వు మాట్లాడి, చట్టం పోతే ఇరవై రెండూ దాంతోపాటే పోతుంది. మాట్లాడినా ఓటు వీగిపోతే నీకు ఏడేళ్ళు. మాట్లాడకపోతే నువ్వు ఇంటికి పోవచ్చు. రేపు పొద్దున ఆరుకు ఏం జరుగుతుందో నీకు నాకంటే బాగా తెలుసు."

"మిగతా ఇరవై ఎనిమిది మంది పేర్లు?"

"వాళ్ళ సంతకాలున్నాయి. మింగలేదని చెప్పగలిగింది నువ్వొక్కడివే. నీ నోటితో నీ సంగతి చెప్పు, నేర్పింది చెప్పు. ఎవరెవరికో నీకు గుర్తులేదు. పద్నాలుగేళ్ళయింది, చీకట్లో జరిగింది. అంతే కదా?"

దుబాసీ చేతులు రెండూ చొక్కాకు తుడుచుకున్నాడు. "ఇంతవరకూ ఒక్క వాక్యం కూడా సొంతంగా మైకులో అనలేదండీ," అన్నాడు.

చీఫ్ ముందుకొచ్చాడు. చేతిలో సంకెళ్ళు. తాబేలు మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళలో ఆయన ఇంత వేగంగా కదలడం చీఫ్ చూడలేదు.

"తప్పుకోండి బావగారూ. చట్టం ఎంత చచ్చుదైనా, అది చచ్చేదాకా నేను దాని నౌకరునే. ఈయన నేరం ఒప్పుకున్నాడు, నేను విన్నాను. పట్టుకోకపోతే ఆ కోటుగాడు ఓటింగే ఆపించేస్తాడు." చీఫ్ ఒక సంకెల దుబాసీ ఎడమ చేతికి, రెండోది తన కుడి చేతికి తగిలించుకున్నాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "పట్టుకున్నాను. నా ఖైదీని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది నా ఇష్టం. నాకు ఆ అద్దాల గది నచ్చింది. నడవ్వోయ్, మూడూ యాభై రెండు."

తాబేలు పక్కకు తప్పుకున్నాడు. పాతికేళ్ళ పోటీలో చీఫ్ ఒక్కసారి గెలిచాడు. అది కూడా ఇవాళే గెలిచాడు.

తాబేలు హాలు వెనక గోడకు ఆనుకుని ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు. ఇద్దరికి సరిపోని అద్దాల గదిలో సన్నటి మనిషీ, లావుపాటి మీసమూ భుజాలు ఒరుసుకుంటూ ఇరుక్కుని కనబడుతున్నారు. ప్లీడరు తల తిప్పి అటు చూశాడు. సంకెళ్ళు చూసి తృప్తిగా వెనక్కి వాలాడు.

"ప్రతినిధులెవరైనా ఇంకా మాట్లాడతారా?" అంది అధ్యక్షురాలు. ఎవరూ లేవలేదు. "అయితే ఓటింగుకు..."

మైకు మీట దుబాసీ ఎడమ చేతి వైపు ఉంది. సంకెల చెయ్యి లేచింది, దాంతోపాటు చీఫ్ చెయ్యీ లేచింది. రెండు చేతులూ కలిసి మీట నొక్కాయి. ఎర్ర దీపం వెలిగింది.

ముప్పై ఒక్క దేశాల చెవుల్లోకి ఒక గొంతు వచ్చింది. ముందు రాయిలా బరువుగా, తర్వాత తేటగా. రెండో వరసలో ఒక ముసలి ప్రతినిధి ఉలిక్కిపడి ఇయర్‌ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకున్నాడు. గొంతు మాట్లాడుతున్నది ఆయన భాష, కిటికీ వైపు వరసవాళ్ళ భాష.

అధ్యక్షురాలు వేదిక వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. అద్దాల గది వైపు చూసింది.

"దుబాసీగారూ, వేదిక ఖాళీగా ఉంది. ఎవరి మాటలు అనువదిస్తున్నారు మీరు?"

ప్లీడరు సగం లేచాడు. గోడ గడియారంలో మూడూ యాభై ఏడు.

"నావే," అన్నాడు దుబాసీ.